గిజిగాని ఇంటి గుట్టు తెలిపిన మనీషి – డాక్టర్ సలీం అలీ

తొలకరి జల్లులు పడి చేలు పచ్చబడగానే, బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈతచెట్ల మట్టలకు గిజిగాని గూళ్ళు వ్రేలాడటం మన దక్కను నేలపై అనాదిగా కానవచ్చే దృశ్యం. పడుగూ పేకా ఎరిగిన నీలం నగర్ బిడ్డలకు ఆ గూటిని చూడగానే కలిగే ఆశ్చర్యం ఒక విధంగా ప్రత్యేకమైనది. అక్కడ మగ్గం లేదు, నాడె లేదు, కండె లేదు. ఉన్నది చిన్న ముక్కు, రెండు కాళ్ళు మాత్రమే. అయినను ఆ నేతలో ఒక్క పోగు జారదు. గాలివానకు గూడు ఊగునే గాని ఊడి పడదు. మహాకవి జాషువ ఆ గూటిని చూచి పరవశించి పద్యాలు వ్రాశారు. ఆ గూటి ఎదుటనే నెలల తరబడి కూర్చుండి, దానిని ఎవరు అల్లుతున్నారు, ఎందుకు అల్లుతున్నారు, సగంలో ఎందుకు విడిచిపెడుతున్నారు అని గమనించి లోకానికి తెలిపిన శాస్త్రజ్ఞుడు డాక్టర్ సలీం అలీ. భారతదేశపు పక్షుల మనిషిగా ప్రసిద్ధి చెందిన ఆ మహనీయుని జీవితం గిజిగాని గూటివలెనే ఎన్నోసార్లు సగంలో ఆగి, మరల మొదటి పోగునుండి ఆరంభమైన నేత.

బాల్యము – ఒక పిచ్చుక

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పెద్ద కుటుంబంలో ఆయన కడగొట్టు సంతానం. ఏడాది వయస్సులో తండ్రిని, మూడేళ్ళ వయస్సులో తల్లి జీనతున్నీసాను కోల్పోయారు. తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, సంతానం లేని ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచారు. అమీరుద్దీన్ వేటయందు ఆసక్తి గలవారు. ఆ కాలపు సంపన్న గృహాలలో వేట ఒక గౌరవప్రదమైన వినోదం. పిల్లవాడైన సలీంకు కూడ ఒక గాలి తుపాకి లభించింది. దానితో పిచ్చుకలను కొట్టడం ఆయనకు నిత్యకృత్యమైంది.

పది పన్నెండేళ్ళ ప్రాయంలో ఒకనాడు ఆయన కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనబడింది. అది ఇంటి చూరులలో గూడు కట్టే పిచ్చుకవలె లేదు. దానిని తినవచ్చునో కూడదో తెలియక బాలుడు మేనమామ వద్దకు తీసికొనిపోయాడు. ఆయనకూ అది ఏ పక్షియో తెలియలేదు. తాను సభ్యుడుగా ఉన్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరకు ఒక ఉత్తరం వ్రాసి, పిల్లవానిని పంపారు.

తెల్లదొరల కార్యాలయంలో అడుగిడటానికి ఆనాటి భారతీయ బాలునికి ఎంత జంకు కలిగి ఉంటుందో ఊహించుకొనవచ్చు. కాని మిల్లార్డ్ ఆ బాలుని ఆదరంతో చేరదీశారు. ఆ పిచ్చుక జాతిని తెలిపారు. అంతటితో పంపివేయక, సొరుగులు ఒక్కొక్కటే తెరచి, అందులో భద్రపరచిన వందలాది పక్షులను చూపించారు. చదువుకొనటానికి పుస్తకాలిచ్చారు, పక్షిచర్మాలను చెడకుండ భద్రపరచే విద్య నేర్చుకొనే అవకాశం కల్పించారు. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాని ప్రశ్నను చులకన చేయకుండ విన్నందువలన కలిగిన ఫలం ఇది. ఆనాటి పిచ్చుకను ఆయన జీవితాంతం మరువలేదు. 1985లో ప్రచురించిన ఆత్మకథకు ఆ పిచ్చుక నేల కూలిన సంఘటన పేరునే పెట్టుకొన్నారు.

తప్పిన చదువు – తిరిగిన దారులు

సలీం అలీ బడిలో మేటి విద్యార్థి కారు. తరచు వచ్చే తలనొప్పుల వలన ఆయన చదువు మధ్యలో ఆగింది; ఆరోగ్యం కోసం కొంతకాలం సింధు ప్రాంతంలో బంధువుల ఇంట ఉండవలసి వచ్చింది. 1913లో మెట్రిక్యులేషన్ ఎట్లో గట్టెక్కారు. సెయింట్ జేవియర్ కళాశాలలో చేరారు గాని గణితం కొరకరాని కొయ్య అయింది. మొదటి ఏడాదితోనే కళాశాల విడిచి, 1914లో బర్మాలోని తావోయ్‌కి వెళ్ళారు. అక్కడ ఆయన కుటుంబానికి టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉండేవి. వ్యాపారానికి వెళ్ళిన యువకుని కన్ను కలపపై కంటె ఆ కలప అడవులలోని పక్షులపైనే నిలిచింది.

1917లో బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్యవిద్య అభ్యసిస్తూనే, సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది. బర్మా వ్యాపారం క్రమంగా దెబ్బతిన్నది. జీవనానికి ఉద్యోగం అవసరమైంది. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రజ్ఞుని పదవి ఒకటి ఉన్నది గాని, విశ్వవిద్యాలయ పట్టం లేదన్న కారణాన అది ఆయనకు దక్కలేదు. చివరకు 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించే ఉపన్యాసకుని కొలువు లభించింది. జీతం నెలకు 350 రూపాయలు.

రెండేళ్ళలోనే ఆయనకు తన జ్ఞానం చాలదని తోచింది. 1928లో సెలవు పెట్టి, మరుసటి ఏడు జర్మనీకి వెళ్ళి బెర్లిన్ జంతుశాస్త్ర మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే ఆచార్యుని వద్ద శిష్యరికం చేశారు. హెలిగోలాండ్ ద్వీపంలో వలస పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వాటి రాకపోకలను తెలుసుకొనే పద్ధతిని నేర్చుకొన్నారు. చచ్చిన పక్షిని కొలిచి పేరు పెట్టడంతో శాస్త్రం ముగియదనీ, బ్రతికి ఉన్న పక్షి ఎట్లు జీవిస్తున్నదో చూడటమే అసలైన శాస్త్రమనీ ఆయనకు అక్కడ దృఢంగా నాటుకొన్నది.

1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఆయన ఉద్యోగం లేదు. డబ్బు చాలక ఆ పదవినే తీసివేశారు. ముప్పది నాలుగేళ్ళ వయస్సు, చేతిలో పట్టం లేదు, కొలువు లేదు.

కిహిం తీరాన గిజిగాళ్ళు

ఇంటి అద్దె భరించలేక దంపతులిద్దరు బొంబాయి నుండి సముద్రానికి ఆవలి ఒడ్డున గల కిహిం గ్రామానికి తరలిపోయారు. అక్కడ బంధువుల చిన్న కుటీరం ఒకటి ఉండేది. ఆ వర్షాకాలంలో ఇంటికి సమీపాన ఒక చెట్టుపై గిజిగాళ్ళు గుంపుగా గూళ్ళు కట్టనారంభించాయి. చేయటానికి వేరే పని లేని సలీం అలీకి అదే పని అయింది. పక్షులు బెదరకుండ మరుగు కట్టుకొని, ప్రతిదినం గంటల తరబడి కూర్చుండి, ఏ పక్షి ఏ గూటికి ఎప్పుడు వచ్చినదీ, ఏమి తెచ్చినదీ, ఎప్పుడు పోయినదీ వ్రాసుకొన్నారు.

అంతవరకు లోకం అనుకొన్నది వేరు. ఆలుమగలు కలిసి ఒక గూడు కట్టుకొంటాయనీ, పక్కన వ్రేలాడే సగం గూళ్ళు మగపక్షి కూర్చుండి పాడుకొనటానికి కట్టుకొన్న ఉయ్యాలలనీ పలువురు నమ్మేవారు. సలీం అలీ గమనించినది ఇది. గూడు అల్లేది మగపక్షి ఒక్కటే. వరి ఆకుల నుండి, గడ్డి నుండి, తాటి ఈత మట్టల నుండి మూరెడు పొడవు పీలికలను చీల్చి తెచ్చి, మొదట కొమ్మకు ముడివేస్తుంది. తరువాత ఒక వలయం చేస్తుంది. ఆ వలయాన్ని పెంచి శిరస్త్రాణంవలె సగం గూడు కట్టి ఆపుతుంది. ఆ దశలో లోపలి గోడకు తడిమట్టి ముద్దలు అంటిస్తుంది. అప్పుడు ఆడపక్షులు వస్తాయి. అవి గూటిలో దూరి, ముక్కుతో లాగి, అటు ఇటు తిరిగి పరీక్షిస్తాయి. మగపక్షి పైన రెక్కలల్లార్చుతూ కూయటమే తప్ప చేయగలది లేదు. నేత నచ్చితే ఆడపక్షి ఆ గూటిలో నిలుస్తుంది, నచ్చకపోతే పోతుంది.

నచ్చిన గూటిని మగపక్షి గ్రుడ్ల గదితో, కిందికి సాగిన పొడవాటి గొట్టంతో పూర్తిచేస్తుంది. నచ్చని గూడు సగంలో నిలిచిపోతుంది. జనులు ఉయ్యాలలనుకొన్నవి ఈ తిరస్కృతమైన గూళ్ళే. ఆడపక్షి గ్రుడ్లపై కూర్చున్న తరువాత మగపక్షి ఆ సంసారాన్ని ఆమెకు విడిచి, దగ్గరలోనే మరొక గూడు ఆరంభిస్తుంది. మరొక ఆడపక్షికై ఎదురుచూస్తుంది. పొదగటం, మేపటంలో పెద్ద భారం ఆడపక్షిదే. ఒక గూడు ముగియటానికి సుమారు పద్దెనిమిది రోజులు, దాదాపు 500 రాకపోకలు అవసరమని గమనించినవారు లెక్క కట్టారు. గిజిగాడు రాత్రి దీపానికై మిణుగురులను మట్టిలో అతికిస్తుందన్న కథ మన పల్లెలలో నేటికీ ఉన్నది. కథ అందమైనదే గాని, ఆ మట్టి ముద్దలకు మిణుగురులతో పని లేదు.

ఈ పరిశీలనలు 1931లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడి, శాస్త్రలోకంలో సలీం అలీకి స్థానం కల్పించాయి. ఉద్యోగం ఊడిపోని యెడల ఆయన కిహిం వెళ్ళేవారు కారు; ఆ గూళ్ళ ఎదుట కూర్చునేవారునూ కారు.

ఆఫ్రికా ఖండపు దాయాదులు

గిజిగాడు మన ఒక్కరి సొత్తు కాదు. దాని వంశంలో నూటికి పైగా జాతులున్నవి. వాటిలో అత్యధికం ఆఫ్రికా ఖండంలో సహారా ఎడారికి దిగువన నివసిస్తాయి. భారతదేశంలో ఉన్నవి నాలుగే. కిహింలో సలీం అలీ అడిగిన ప్రశ్నలనే తరువాతి శాస్త్రజ్ఞులు ఆఫ్రికా నేతపక్షులనూ అడిగారు. అక్కడి ఊళ్ళలో చెట్లపై గుంపులుగా గూళ్ళు కట్టే నేతపక్షిలో కూడ మగదే అల్లిక, ఆడదే ఎంపిక. ఆకుపచ్చగా ఉన్న కొత్త గూటినే ఆడపక్షి ఆదరిస్తుంది. ఎండి గోధుమరంగు పడిన గూటిని మగపక్షి తానే విప్పివేసి ఆ చోటనే మరల కట్టుకొంటుంది. నమీబియా, దక్షిణాఫ్రికా, బోట్స్‌వానాలకు చెందిన కలహారి ప్రాంతంలోని మరొక జాతి, వందకు పైగా జంటలు ఒకే కప్పు క్రింద నివసించే గడ్డి మేడను కడుతుంది. దానిని తరతరాలుగా బాగుచేసికొంటూ వాడుకొంటుంది. ఎడారిలో పగటి ఎండకూ రాత్రి చలికీ ఆ మేడ లోపలి గదులు రక్షణ ఇస్తాయి. తడి నేలలో గొట్టం గూడు, ఎడారిలో గడ్డి మేడ. నేలను బట్టి నేత మారుతుంది. ఈ సత్యం మగ్గం ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నిజాం రాజ్యంలో పక్షుల లెక్క

కిహిం నుండి వచ్చిన కీర్తి కడుపు నింపేది కాదు. సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. దేశంలోని సంస్థానాలలో ఏ పక్షులు ఎక్కడెక్కడ ఉన్నవో సరియైన లెక్క లేదు. ఖర్చులు మాత్రం భరిస్తే తాను జీతం లేకుండ ఆ పని చేస్తానని ముందుకు వచ్చారు. ఆ విధంగా మొదట చేపట్టిన గొప్ప కార్యం 1931–32లో జరిగిన హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే.

నీలం నగర్ కుటుంబాలలో పెక్కింటి పెద్దలు మగ్గాన్ని నమ్ముకొని విడిచివచ్చిన తెలంగాణ సీమలు ఆనాడు నిజాం ఏలుబడిలోనివే. సోలాపూర్ పొలిమేర దాటగానే తూర్పున ఆ సంస్థానమే ఆరంభమయ్యేది. ఆ విశాల రాజ్యంలోని అడవులు, చెరువులు, రాతి గుట్టలు, జొన్నచేలు దంపతులు కలిసి తిరిగారు. ఇంగ్లాండులో చదువుకొన్న తెహ్మీనా పట్టణ సుఖాలను విడిచి గుడారాల సంసారాన్ని నడిపారు. సేకరించిన పక్షులను విస్లర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుని సహకారంతో పరిశీలించి, 1933–34లో ఫలితాలను ప్రకటించారు. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, మధ్యభారత సంస్థానాలలోను ఇట్టి సర్వేలు సాగాయి. తెలుగు నేల పక్షులను గూర్చి నేటి పరిశోధకుడు ఏమి వ్రాయదలచినా, ఆనాటి ఆ లెక్కను ముందు పెట్టుకొనవలసిందే.

ఇక్కడ ఒక సంగతి దాచనవసరం లేదు. ఆ సర్వేలలో సలీం అలీ పక్షులను కాల్చి సేకరించారు. జాతిని ధ్రువపరచటానికి ఆనాడు వేరు మార్గం లేదని ఆయన ఎరుగుదురు. తగుమాత్రంగా చేసిన సేకరణకూ, ఆనందానికై చేసే ఊచకోతకూ గల భేదాన్ని ఆయన ఎన్నడూ మరువలేదు. 1938 నవంబరు 12న, అనగా సరిగా ఆయన పుట్టినరోజున, భరత్‌పూర్ సరస్సు వద్ద వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కనాటి వేటలో నాలుగు వేలకు పైగా నీటి పక్షులను కూల్చింది. స్వాతంత్ర్యం తరువాత అదే సరస్సును ఎండగట్టి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చినపుడు, దానిని పక్షుల కొరకే నిలబెట్టటానికి సలీం అలీ పట్టుపట్టారు. ఆ కేవలాదేవ్ ఉద్యానం 1985లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది.

వియోగము – విజయము

1939లో డెహ్రాడూన్‌లో ఉండగా తెహ్మీనా ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం అకస్మాత్తుగా మరణించారు. వారికి సంతానం లేదు. ఇల్లూ, గుడారమూ, మిత్రత్వమూ అన్నీ ఆమెయే అయిన సలీం అలీకి అది కోలుకోలేని దెబ్బ. బొంబాయి చేరి సోదరి కమూ, బావ హసన్ అలీల ఇంట తలదాచుకొన్నారు. ఆయన మరల వివాహం చేసికొనలేదు. దుఃఖానికి పని ఒక్కటే మందయింది.

1941లో ఆయన రచించిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. రంగుల బొమ్మలతో, సామాన్యుడు చేతబట్టుకొని తోటలోని పక్షిని గుర్తించగల విధంగా వ్రాసిన పుస్తకం అది. నెహ్రూ చెరసాలలో ఉండి కుమార్తె ఇందిరకు ఆ పుస్తకాన్ని పంపారు. ఆమెకు పక్షులపై ప్రేమ కలిగింది ఆ పుస్తకం వల్లనే. స్వాతంత్ర్యానంతరం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆర్థికంగా కుంగినపుడు, నెహ్రూకు వ్రాసి ప్రభుత్వ సహాయం సంపాదించి, ఆ సంస్థను నిలబెట్టినవారు సలీం అలీ. పిచ్చుకను పట్టుకొని భయంతో గుమ్మంలో నిలిచిన బాలుడే ఆ ఇంటికి పెద్దదిక్కు అయ్యాడు. అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లేతో కలిసి రచించిన భారత, పాకిస్తాన్ పక్షుల బృహద్గ్రంథం 1968 నుండి 1974 వరకు పది సంపుటాలుగా వెలువడింది.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 1967లో బ్రిటిష్ పక్షిశాస్త్ర సంఘం స్వర్ణపతకం ఇచ్చింది. తనకు లభించిన పాల్ గెట్టీ బహుమతి సొమ్మును ప్రకృతి రక్షణ నిధికే సమర్పించారు. పట్టం లేదని ఉద్యోగం దక్కని వ్యక్తికి అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడ ఆ గౌరవంతో తన్ను తాను గౌరవించుకొన్నది. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అరణ్యాన్ని ఆనకట్ట ముంపు నుండి కాపాడవలెనని పోరాడినవారిలో ఆయన ఒకరు; 1984లో అది జాతీయ ఉద్యానంగా ప్రకటితమైంది. కానరాక అంతరించినదనుకొన్న కలివికోడిని 1986లో కడప జిల్లాలో, దారులెరిగిన ఒక గ్రామస్థుని సాయంతో, ఆయన సంస్థకు చెందిన పరిశోధకుడు కనుగొన్నపుడు సలీం అలీ తొంబదేళ్ళ వాకిట ఉన్నారు. మరుసటి ఏడు, 1987లో, బొంబాయిలో ఆయన కన్నుమూశారు.

ఓడిన వాదము – బట్టమేక

ఇన్ని విజయాలలో ఆయన ఓడిపోయిన వాదం ఒకటున్నది. అది సోలాపూర్ వాసులకు అన్నిటికంటె దగ్గరి విషయం.

దేశానికి జాతీయ పక్షిని ఎన్నుకొనే వేళ సలీం అలీ బట్టమేక పక్షిని సూచించారు. మీటరు ఎత్తున, మగది పదిహేను కిలోల వరకు తూగే ఆ పక్షిని మరాఠీలో మాళఢోక్ అంటారు. ఇది పచ్చిక బీళ్ళలో నడయాడుతూ మిడతలు, పురుగులు, బల్లులు, రేగుపండ్లు తింటుంది. గూడు అల్లదు. నేలపైనే సాధారణంగా ఒకే ఒక గ్రుడ్డు పెడుతుంది. నెమలికి జనుల భక్తి, ప్రేమ ఎల్లపుడూ అండగా ఉన్నవి. ఈ పక్షికి ఎవరి అండా లేదు. జాతీయ గౌరవం లభిస్తే అదైనా బ్రతుకుతుందని ఆయన తలంపు. 1963లో నెమలియే జాతీయ పక్షి అయింది.

బట్టమేక మాత్రం ఎక్కడో దూరాన లేదు. సోలాపూర్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన గల నన్నజ్ గ్రామపు పచ్చిక బీళ్ళలోనే ఉండేది. కృష్ణజింకలు, తోడేళ్ళు, గుంటనక్కలు దాని సహవాసులు. సోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాలలో దాని కొరకు 1979లో అభయారణ్యం ఏర్పడింది. 1981 నుండి సలీం అలీ మార్గదర్శకత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆ పక్షిపై దీర్ఘ పరిశోధన చేపట్టింది. పరిశోధకులు నన్నజ్‌లోను, కర్నూలు సీమలోని రోళ్ళపాడులోను బసచేసి, కిహింలో గురువు కూర్చున్న విధంగానే ఏళ్ళ తరబడి గమనించారు. రోళ్ళపాడు కూడ 1988లో అభయారణ్యమైంది.

అయినను రక్షణ సులభం కాలేదు. నన్నజ్ అభయారణ్యం కాగితంపై 8,496 చదరపు కిలోమీటర్లు. అందులో ఊళ్ళు, పొలాలు, రోడ్లు అన్నీ చేరాయి. తన భూమిని తాను అమ్ముకొనటానికీ, అభివృద్ధి చేసికొనటానికీ ఆంక్షలు ఎదురైన రైతుకు ఆ పక్షి శత్రువుగా తోచింది. ఆ తరువాత విస్తీర్ణాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించారు గాని, అప్పటికి కాలం మించిపోయింది. పచ్చిక బీడును పనికిరాని బంజరుగా లెక్కించి కొన్నిచోట్ల చెట్లు నాటారు. మరికొన్నిచోట్ల చెరకు, ద్రాక్ష తోటలు వచ్చాయి. చెట్టు నాటడం ఎల్లచోట్ల పుణ్యమే అనుకొనే మనకు, గడ్డినేలలో చెట్టు ఈ పక్షికి కీడని తెలియలేదు. పై నుండి విద్యుత్తు తీగలు వచ్చాయి. బట్టమేక ప్రక్కలకు చక్కగా చూడగలదు గాని ఎదుటి తీగను కనిపెట్టలేదు. బరువైన దేహం వలన చివరి క్షణాన ప్రక్కకు తప్పుకొనలేదు.

1969లో దేశమంతట సుమారు 1,260 ఉన్నవని అంచనా వేసిన ఈ పక్షి, నేడు అడవులలో నూట యాబదికి మించి లేదు. మిగిలినవి చాలమట్టుకు రాజస్థాన్ ఎడారిలోనే. నన్నజ్‌లో ఇపుడు ఒక్క పక్షి కనబడితే అది వార్త. రోళ్ళపాడులో దాని జాడ దాదాపు లేదు.

ఆఫ్రికా మైదానాలలో దీని దాయాది కోరీ బస్టర్డ్ ఉన్నది. ఎగిరే పక్షులలో అతి బరువైన వాటిలో అది ఒకటి. కాని అది వేరొక జాతి. మన దేశపు చివరి చీతాలను 1947లో వేటాడి, 1952లో అంతరించినట్లు ప్రకటించుకొన్నాము. 2022లో నమీబియా నుండి ఎనిమిది, 2023లో దక్షిణాఫ్రికా నుండి పన్నెండు చీతాలను విమానాలలో తెచ్చి మధ్యప్రదేశ్ కూనో అడవిలో విడిచాము. చీతా మరొక ఖండంలో మిగిలి ఉన్నది గనుక తేగలిగాము. బట్టమేక పోతే తెచ్చుకొనటానికి ఏ ఖండంలోను లేదు. 2019 నుండి రాజస్థాన్‌లో దాని గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచే ప్రయత్నం జరుగుతున్నది. ఆ పిల్లలు పెరిగి రెక్కలు విప్పిన నాడు, వాటిని విడవటానికి గడ్డినేల మిగిలి ఉండాలి. నన్నజ్ బీడు అట్టి నేలలలో ఒకటి.

సలీం అలీ విడిచిన పోగు

సలీం అలీ పేరుతో 1990లో కోయంబత్తూరులో పక్షిశాస్త్ర పరిశోధనా కేంద్రం వెలసింది. అది యోగ్యమైన స్మారకమే. కాని ఆయన జీవితం విద్యార్థులకు చెప్పే పాఠం భవనాలలో లేదు. గణితంలో వెనుకబడినవాడు, పట్టం లేనివాడు, ఉన్న కొలువూ పోగొట్టుకొన్నవాడు, జీవితపు తోడును నడుమనే కోల్పోయినవాడు ఆయన. ఆయనకు మిగిలిన ఆస్తి ఒక్కటే: ఎదుట ఉన్నదానిని తొందరపడక, ఊహను కలుపక, ఉన్నది ఉన్నట్లుగా చూడగల కన్ను. ఆ కంటితోనే ఆయన వేలసార్లు చూచిన గిజిగాని గూటిలో కొత్త సత్యాన్ని కనుగొన్నారు. ఆ కంటితోనే అందరు బంజరనుకొన్న బీడులో ఒక జాతి ప్రాణాన్ని చూచారు.

గిజిగాడు తన గూడు నచ్చలేదని అల్లిక మానుకొనదు. నచ్చని గూటిని అట్లే విడిచి, ప్రక్క కొమ్మకు మొదటి ముడి వేస్తుంది. బట్టమేక విషయంలో సలీం అలీ వాదం 1963లో తిరస్కృతమైన సగం గూడు. ఆయన దానిని విడిచి కూర్చొనలేదు. శిష్యులను పంపి మరొక ముడి వేశారు. ఆ నేత ఇంకను పూర్తికాలేదు. నీలం నగర్ నుండి నన్నజ్‌కు గంట ప్రయాణం. అక్కడి గడ్డి బీడును చూచినపుడు అది ఖాళీ నేల కాదనీ, ఒక పక్షి తిరిగి రావటానికై ఎదురుచూచే ఇల్లనీ గుర్తించగల విద్యార్థి ఒక్కడు ఈ బడినుండి వెలువడినా, ఆ మహనీయుడు విడిచిన పోగు తెగిపోలేదని భావించవచ్చును.